నూట నలభై రెండు తలుపులు

"ముందు పడమటి వరస రాసుకోండమ్మా. అటునుంచే మొదలైంది," అన్నాడు లిఫ్టు తాత.

లైబ్రేరియన్ పెన్సిలు తీసింది. బల్ల మీద గోడంత కాగితం పరిచి ఉంది. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

శుక్రవారానికి దాని మీద ఒక ఊరు గీయాలి.

నలభై ఏళ్ళ కిందట ఇక్కడ ఉల్లి పొలాలు, గొర్రెల దొడ్లు, నూట నలభై రెండు ఇళ్ళు ఉండేవి. ముందు బైపాస్ రోడ్డు వచ్చింది. తర్వాత గోదాములు, ఆ తర్వాత ఈ పద్నాలుగంతస్తుల భవనాలు. ఇప్పుడిది నగరంలో పదిహేడో వార్డు. ఊరి పేరు బస్టాపు బోర్డు మీద కొన్నాళ్ళు మిగిలి, అదీ పోయింది.

వార్డు చరిత్ర చెప్పే పటం ఒకటి లైబ్రరీ గోడకి పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చింది. పాత ఊరివాళ్ళకి ఆమె రాసిన ఉత్తరాల్లో సగం తిరిగొచ్చాయి. మిగతావాళ్ళకి తమ ఇల్లు తప్ప ఏదీ గుర్తులేదు. రికార్డు రూములో ఉన్న ఒక్క పటాన్నీ చెదలు తినేశాయి. ఇక తన వల్ల కాదని లిఫ్టులో ఎవరికో ఫోనులో చెప్తుండగా, వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"నాకు గుర్తుందమ్మా."

రెండేళ్ళుగా ఆ ముసలాయన "ఏ ఫ్లోరు?" తప్ప ఇంకో మాట అనగా ఆమె వినలేదు.

రోజూ భోజనాల వేళ వచ్చేవాడు. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదు.

"పన్నెండోది మంత్రసానిది. ఆకుపచ్చ తలుపు. పైన గుర్రపునాడా కొట్టి ఉంటుంది. పదమూడు అన్నదమ్ములిద్దరిదీ. ఒకటే తలుపు, రెండు తాళాలు. వాళ్ళకి మాటల్లేవు. పద్నాలుగు దర్జీది. తలుపు కొత్తది, రంగింకా ఆరలేదు."

గొంతులో ఎత్తూ పల్లం లేదు. అంతస్తుల నంబర్లు చెప్పినట్టే చెప్పుకుపోయాడు.

"అన్నీ తలుపులే చెప్తున్నారు తాతా. లోపల ఎలా ఉండేవి?"

"లోపలి సంగతి అడక్కండమ్మా."

ఆమె మనసు చివుక్కుమంది. మళ్ళీ అడగలేదు.

నాలుగు రోజుల్లో కాగితం మీద ఊరు లేచింది. లెక్కపెట్టి చూసుకుంది. ఒక్క ఇల్లూ తప్పిపోలేదు.

"ఇంతకీ మీ ఇల్లేదో చెప్పనే లేదు."

ఆయన గోడ గడియారం వంక చూశాడు. "డ్యూటీ టైమైంది," అని వెళ్ళిపోయాడు.

ఆమె కాసేపు ఆలోచించి, పటం కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'చెప్పినవారు: ఈ ఊళ్ళో మిగిలిన ఆఖరి మనిషి.'

శుక్రవారం ముప్పై మంది దాకా వచ్చారు. రెండేసి బస్సులు మారి వచ్చినవాళ్ళున్నారు. పటం ముందు ఒకర్నొకరు తోసుకుంటూ వేళ్ళతో వెతుక్కున్నారు. "ఇదిగో మనిల్లు" అని ఒకాయన చెవుడున్న భార్యకి అరిచి చెప్పాడు. ఆమె తల ఊపింది, అంతే.

యాభై ఏళ్ళావిడ ఒకరు పన్నెండో ఇంటి దగ్గర ఆగిపోయింది.

"మా అమ్మమ్మ ఇల్లు! ఈ నాడా సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండదనుకున్నాను. ఎవరండీ చెప్పింది?"

లైబ్రేరియన్ పరుగున వెళ్ళి లిఫ్టు తాతని దాదాపు లాక్కొచ్చింది. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మా ఊరిని మాకు మళ్ళీ చూపించారు బాబాయ్! అప్పుడు చిన్నపిల్లని, మిమ్మల్ని గుర్తుపట్టలేకపోతున్నాను. ఎవరి తాలూకు మీరు? ఏ ఇల్లు మీది?"

అందరూ ఇటు తిరిగారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చోలేదు. చేతులు ఆవిడ చేతుల్లోనే వదిలేసి, పటం కింది అక్షరాలు చదివాడు.

"అది కొట్టెయ్యండమ్మా," అన్నాడు లైబ్రేరియన్‌తో. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"నాకిక్కడ ఇల్లెప్పుడూ లేదు తల్లీ, కూల్చే ముందు ప్రతి తలుపు మీదా ఎర్ర రంగుతో నంబరు వేసింది నేను."