అసిరయ్య వద్దన్న పైపు

బోటుకు కొత్తగా ఇంజెక్షన్ ఇంజను బిగిస్తున్నానంటూ హోప్ టౌన్ నుంచి అసిరయ్య పెట్రోలు పైపు కోసం వచ్చాడు. దుకాణం నడిపే గవరమ్మ ఫోను పట్టుకుని లోపలికెళ్లి, పాత కార్బొరేటర్ ఇంజన్లకు వాడే పైపు తెచ్చింది. ఫోనూ పైపూ పక్కపక్కనే బల్ల మీద పెట్టింది.

అతను పైపును పక్కకు నెట్టేశాడు. "ప్రెజరుకి ఇది ఆగదు దీదీ. చిట్లితే బోటంతా మంటలే. హై ప్రెజర్ పైపియ్యి, క్లిప్పులూ దానివే ఇయ్యి. ఈపాలి నడిపేది నానే."

కిందటేడు అతను ఇలాంటి ఇంజనుకే కార్బొరేటర్ పైపు బిగించి పంపిన బోటులో కాలి చచ్చిపోయిన డ్రైవరు గవరమ్మ తమ్ముడు. ఈమె అతని అక్కని అసిరయ్యకు తెలియదు. పైపుల్లో తేడా తనకేం తెలుసని విచారణలో ఒట్టేసి బయటపడ్డాడు.

గవరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇన్నారా, ఎస్సై సాబ్?"