దారం చుట్టిన గాజు

పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన అందరికీ తొడిగినట్టే మా పిన్ని జబ్బకూ ఆసుపత్రిలో కొలతల గాజు తొడిగారు. చెయ్యి చిక్కి గాజు వదులైతే, అదే నర్సుకు చెబుతుంది. నెల రోజులుగా నర్సు గాజులోంచి "పుష్టిగా ఉన్నారు" అంటోంది. పిన్ని మాత్రం రెండు ముద్దలకే లేచిపోతోంది. ఎవరికీ చెప్పే ధైర్యం లేక, రోజూ ఎన్ని ముద్దలు తిన్నదో డైరీలో రాసుకుంటున్నాను.

ఈ రోజు ఆమెకు తల దువ్వుతూ గాజు లోపల చుట్టిన దారం చూశాను.

"ఇదేంటి పిన్నీ?"

"జారిపోతోందే. వదులైన ఉంగరానికి చుట్టుకోమూ? పారేసుకుంటే వాళ్లకేం చెప్పను?"

దారం విప్పేశాను. గాజు మోచేతి దాకా జారింది. వెంటనే అందులోంచి నర్సు గొంతు వినిపించింది.

"ఏమైందమ్మా? సరిగ్గా తింటున్నారా?"

"ఆ, బాగానే తింటున్నా" అంది పిన్ని.

డైరీ తెచ్చి, మొదటి రోజు నుంచి ముద్దల లెక్క పైకి చదవడం మొదలుపెట్టాను.