నల్లపావుల వైపు నుంచి

జరిమానా కాగితంతో పాటు ఫోటో కూడా పంపారు. తైనాన్ పార్కులో, చైనీస్ చదరంగం బల్ల ముందు, నోట్లో నిషేధించిన ఈ-సిగరెట్‌తో నేను.

ఎవరో దారినపోయేవాడు తీసి ఫిర్యాదు చేశాడనుకున్నాను. తర్వాత పావులు చూశాను. ఎర్రవి నా వైపున్నాయి, నల్లవి ఫోటో తీసినవాడి వైపున్నాయి. పదకొండేళ్లుగా నల్లపావులతో నా ఎదురుగా కూర్చునేది నా స్నేహితుడు వెన్‌పిన్ ఒక్కడే.

సాయంత్రం వెళ్లేసరికి వాడు ఎప్పటిలాగే పావులు పేర్చి, నా కప్పులో టీ పోసి ఉంచాడు. ఫోటోను బల్ల మీద కొట్టాను.

“నువ్వేనా తీసింది?”

“నేనే.”

“నా భార్య పోయినప్పుడు ఏడు రోజులూ నా పక్కనే కూర్చున్నావు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని గొంతు కోశావు కదరా. ఒక్క మాట నాతో చెబితే నీ సొమ్మేం పోయేది?”

“మూడుసార్లు చెప్పాను, ఆ పొగకి ఊపిరాడట్లేదని. ‘ఓడిపోతున్నావు గనక వంకలు పెడుతున్నావు’ అని నవ్వావు.”

“అది పొగేంట్రా, ఉత్త ఆవిరి. లిచీ పండు వాసన కూడాను.”

వాడు జవాబు చెప్పబోయి దగ్గడం మొదలెట్టాడు.

“ఆపరా నీ నాటకం. ఇక నీతో ఆడితే ఒట్టు,” అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఫోటో చింపబోతూ మరోసారి చూశాను. అందులో నా మొహం సగమే కనిపిస్తోంది. మిగతా సగాన్ని పొగ కప్పేసింది. ఆ పొగంతా నల్లపావుల మీదుగా, ఫోటో తీసినవాడి మొహంలోకే వెళ్తోంది.