ఆగదన్న పడవ

నదిలో నీటిమట్టం మార్చే లాకు తలుపు తెరిచి, గట్టు మీద నుంచి క్లైవ్ భార్యకు కేకేశాడు: "పడవ ఆపవే డోరీన్, ఎక్కుతాను!"

ఎప్పుడు పెర్షోర్ ఊరికి పడవ షికారుకు వచ్చినా చుక్కాని అతనిది, లాకు తలుపులు తోసే పని ఆమెది. తోశాక, "ప్రవాహంలో పడవ ఆగదే!" అంటూ అతను సాగిపోయేవాడు. ఆమె వానలో తడుస్తూ ఊరిదాకా నడిచేది. ఈవేళ కూతురు గిలియన్ పట్టుబట్టి తల్లికి చుక్కాని ఇప్పించింది.

డోరీన్ ఇంజను మీట వెనక్కి లాగింది. పడవ బుద్ధిగా నిలబడిపోయింది.

"ఆగుతుందన్నమాట," అంది.

క్లైవ్ ఇకిలించాడు. "నడక నీ ఒంటికి మంచిదనీ..."

అతను కాలెత్తేలోగా ఆమె మీట ముందుకు తోసింది.

"అమ్మా, నాన్న ఎక్కలేదే!"

"చూశాను. టీ పెట్టవే తల్లీ, రెండు కప్పులు చాలు."