ఇసుక మూట

“కాలు వస్తుందా, రాదా?”

గుమ్మం ముందు నిలబడిన మనిషి అడిగిన మొదటి మాట అది. పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు.

అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న ఈరన్నకు ఒళ్లు మండింది.

“వస్తే నీకేమి, రాకుంటే నీకేమి? ఎవురు నువ్వు?”

“పక్క సందులోనే ఉండేది. ఊరికే అడిగినాలే.”

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అది. ఈరన్న ఎమ్మిగనూరులో వీరభద్రయ్య శావుకారి కింద గుంత మగ్గం నేసేవాడు. పీర్ల పండుగలో నిప్పుల గుండం చుట్టూ ఎగురుతూ కాలు మడతపడి కింద పడ్డాడు. మోకాలి లోపల నరం తెగిందన్నారు జనం. లిగమెంటు అన్నారు మద్రాసు డాక్టర్లు. కోసి, కుట్టి, పిండికట్టు వేశారు. కట్టు విప్పేసరికి తొడ చేతి మందాన మిగిలింది.

అప్పటినుంచి ఆదోనిలో అక్క అలివేలమ్మ ఇంట్లో ఉంటున్నాడు.

ఉగాది దాకా మగ్గం అట్టే పెడతానని, ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తానని శావుకారి కబురు పంపాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. గుంతలో కూర్చున్నాక రెండు కాళ్లూ తొక్కుడు పలకల మీద ఆడాలి. ఒంటికాలితో నేసే చీర లేదు.

డాక్టరు చెప్పిన వైద్యం ఒకటే. బల్ల మీద కూర్చుని, పాదానికి ఇసుక మూట కట్టుకుని, కాలు చాపాలి, దించాలి. తొడలో కండ పెరిగితేనే మోకాలు నిలుస్తుంది.

ఈరన్న కొన్నాళ్లు చేశాడు. నొప్పి తాళలేక మూటను మూలకు విసిరేశాడు.

ఆ మొదటి రోజే ఆ సంగతి అలివేలమ్మ గడపలోనే ఆ మనిషి చెవిన వేసింది.

“నా మాట వినడన్నా. మగ్గం పోతే వీడు యాడ బతకాల? నువ్వన్నా సెప్పు.”

ఆ మనిషి ఈరన్న తొడ వంక చాలాసేపు చూశాడు. వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, మూలనున్న మూట తెచ్చి ఈరన్న పాదానికి కట్టాడు.

“ఎత్తప్పా.”

“నీకేమన్నా పిచ్చా?”

“ఉంటే ఉండనీ. ఎత్తు.”

ఆ రోజు మొదలు ఆ మనిషి రాని పొద్దు లేదు. వాన పడితే గోనెసంచి కప్పుకుని వచ్చాడు. ఈరన్న నిద్ర నటిస్తే మంచం పక్కన కూర్చుని దగ్గాడు. కాస్త తేలిగ్గా ఎత్తినట్టు కనిపిస్తే చాలు, మూట విప్పి ఇంకో దోసెడు ఇసుక పోశాడు.

“అక్కా! వీడికి తలుపు తీయద్దని సెప్పినా గదా!”

“తీయకుంటే దొడ్డి దావన వస్తాడురా. వచ్చిన మనిషికి మజ్జిగన్నా ఇయ్యనీ.”

“శని మజ్జిగ తాగుతాదా?”

“తాగుతాదప్పా,” అన్నాడు ఆ మనిషి చెంబు అందుకుంటూ. “కాలు పూర్తిగా చాపు. వంకర పెట్టి ఎవుర్ని మోసం చేస్తాండావు?”

“నీకు పెండ్లాం బిడ్డలు లేరా?”

“ఉండారు.”

“పనీ పాటా?”

“లేదు. ఎత్తు.”

సంక్రాంతి పోయింది. మూట లావెక్కింది. తొడ కూడా లావెక్కింది, కానీ ఈరన్న అది ఒప్పుకోలేదు. అతని బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. పేరైనా చెప్పనివాడు. కాలు వస్తుందా రాదా అని అడిగినవాడు. మాట్లాడితే ఉగాది అంటాడు. శావుకారి పంపిన మనిషి కాక ఇంకెవరు?

ఒకరోజు ఆ మనిషి కర్ర లాగేసుకున్నాడు.

“గొంతుక్కూర్చొని లెయ్. మగ్గం గుంతలో కర్ర పట్టుకొని దిగుతావా?”

ఈరన్న కూర్చున్నాడు. గోడ పట్టుకోకుండా లేచాడు. లేచిన చోటే నిలబడి అరిచాడు.

“చూసినావు గదా? పో, పోయి మీ శావుకారికి సెప్పు! ఈరన్న కాలు వచ్చింది, మగ్గం నాది, ఎవురికీ ఇయ్యొద్దని సెప్పు! రేపట్నుంచి ఈ గడప తొక్కినావంటే మర్యాద దక్కదు!”

అలివేలమ్మ తల పట్టుకుంది.

ఆ మనిషి ఈరన్న మోకాలి వైపు ఒకసారి చూశాడు.

“సెప్తాలేప్పా,” అన్నాడు.

ఆ తర్వాత రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు ఈరన్న.

ఉగాదికి ముందే ఎమ్మిగనూరు బస్సెక్కాడు. మగ్గం గుంతలో దిగి పలకలు తొక్కాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మోకాలు నిలిచింది.

పక్కన నిలబడి చూస్తున్న వీరభద్రయ్య తలూపాడు.

“మగ్గం నీదేలేరా. నెయ్యి.”

“నేస్తా శావుకారీ. కానీ ఇంగెవురి మీదికీ ఆ మనిషిని తోలొద్దు. నా ప్రాణం తోడేసినాడు.”

“ఏ మనిషి?”

“నెరిసిన గడ్డం, మెడకు ఎర్ర తుండు. కాలు వస్తుందో రాదో చూసి రమ్మని నువ్వే గదా పంపింది?”

“నేనెవుర్నీ పంపలే.” వీరభద్రయ్య కాసేపు ఆలోచించాడు. “ఓ, జయన్నా! ఆదోని నేతగాడు. మొన్న వచ్చినాడు. ఈరన్న కాలు వచ్చింది, మగ్గం ఎవురికీ ఇయ్యొద్దు అన్నాడు. ఈడ ఇంగ పని దొరకదని పెండ్లాం బిడ్డల్ని తీసుకొని షోలాపురం పోయినాడు.”

పలకల మీద ఈరన్న కాళ్లు ఆగాయి.

“నా కాలుతో ఆయనకేం పని?”

“అదే నాకూ తెలీకుండా ఉంది,” అన్నాడు వీరభద్రయ్య. “నువ్వు రాకుంటే ఈ మగ్గం ఇస్తానని నేను మాటిచ్చింది ఆయప్పకే.”