చిరుతను తరిమిన తాత

ఈ ఆదివారం కూడా జనమంతా పోచయ్య వెనకాలే పోయారు.

తిరుపతి చేతిలో మైకుంది. మెడలో గైడు ట్యాగుంది. ఎదురుగా మాత్రం ఇద్దరే మిగిలారు. అందులో ఒకాయన ఫోన్లో మాట్లాడుకుంటున్నాడు.

“ఈ గ్రానైట్ బండలు సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటివండీ,” అన్నాడు తిరుపతి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ.

రెండో ఆవిడ ఆవలించింది.

గోపన్‌పల్లి శివార్లలో, బండల మధ్య, చెరువు ఒడ్డున ఉన్న పార్కు అది. వారమంతా ఏసీ గదుల్లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వస్తారు. సైకిళ్లు తొక్కుతారు, బండలెక్కుతారు, కిందికి దిగొచ్చి ఈ చోటు చరిత్ర వింటారు. ఆ చరిత్ర చెప్పే ఉద్యోగం తిరుపతిది. దానికోసం ఎంత అవస్థ పడ్డాడు! పుస్తకాలు బట్టీ పట్టాడు. నోట్లోంచి ఒక్క యాస ముక్క జారకుండా అద్దం ముందు నిలబడి నాలుక దిద్దుకున్నాడు. ఇంటర్వ్యూలో ఏ ఊరని అడిగితే “మాది విజయవాడండీ” అన్నాడు. వెంటనే తీసుకున్నారు.

అంతా బాగానే నడిచింది, ఈ పోచయ్య ఊడిపడే వరకు.

ఏముంది ఆ ముసలాయన దగ్గర? నెత్తిన ఓ తలపాగా, భుజాన ఓ గొంగడి. అంతేగా! పొద్దున్నే నడవడానికి వచ్చేవాడు కాస్తా ఒకరోజు బండ మీద చతికిలబడి నోరు తెరిచాడు. ఇక జనం ఈగల్లా మూగారు. ఎవరి వెనక జనముంటే వాళ్లనే గైడుగా ఉంచుతామని పార్కు కమిటీ ప్రియదర్శిని పోయిన వారమే తేల్చి చెప్పింది.

“గీ బండ మీదనే మా తాత గొర్లను మేపుతుండె,” పోచయ్య గొంతు ఖంగున మోగింది. “ఒకనాడు చిరుత వచ్చింది సార్! మా తాత ఉరికిండా? ఊహూ! గొంగడి తీసి గిట్ల దాని మొఖాన ఇసిరిండు. కట్టె పట్టుకొని చెరువు దాక తరిమిండు!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు వీడియోలు తీశారు.

తిరుపతికి చెరువు దాకా ఎక్కడ తరిమాడు, వాగు దాకానే కదా అని అరవాలనిపించింది. మా తాత, మా తాత! ఆ రెండు మాటలు వింటే చాలు, అతనికి ఒంటి మీద కారం చల్లినట్టుండేది.

జనం పలచబడ్డాక వెళ్లి ముసలాయన ముందు నిలబడ్డాడు.

“ఇక్కడ గైడుని నేను. మీరు చెప్పడానికి వీల్లేదండీ.”

“నీ చరిత్ర నువ్వు చెప్పుకో సారూ, నేనొద్దన్ననా?” పోచయ్య అతని కళ్లల్లోకి చూసి నవ్వాడు. “నేను తాత ముచ్చట చెప్తున్న. ఏం, నీకు తాత లేడా?”

తిరుపతి మొహం మాడిపోయింది.

మధ్యాహ్నం ప్రియదర్శిని అతన్ని ఆఫీసులోకి పిలిచింది.

“వచ్చే ఆదివారం నుంచి పోచయ్య గారే చెప్తారు తిరుపతి గారూ. ఏమీ అనుకోకండి.”

“నేనేం తక్కువ చెప్పాను మేడం?”

“తక్కువేం లేదు. కానీ జనానికి పుస్తకం వద్దు, ఈ మట్టిలో పుట్టిన మనిషి కావాలి. మీదేమో విజయవాడ. ఇక్కడ నిలబడి ‘మా తాత’ అని మీరు అనలేరు కదా?”

తిరుపతి మెడలోంచి ట్యాగు తీసి టేబుల్ మీద పెట్టి బయటికి నడిచాడు. దారి పొడుగునా పోచయ్యను తిట్టుకున్నాడు. ఆ తలపాగాను, ఆ చప్పట్లను తలుచుకుంటే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా మంచం మీద పడ్డాడు. బయట అరుగు మీంచి నాయనమ్మ సక్కుబాయి కేకేసింది.

“ఒరే తిరుపతీ, అనంతపురం నుంచొచ్చి మనింట్ల కిరాయికున్న చెన్నకేశవులు సారు, గదే, పార్కుల పోచయ్యనని ఏషం కడుతుండు సూడు, మీ తాత చిరుతను తరిమిన ముచ్చట అందరు ఇనేసిండ్రట, ఇంకోటి కావాల్నంటుండు, జర వచ్చి చెప్పు బిడ్డా!”