మత్తు దిగని పిల్ల

“మీరు వైశ్యులా?” అని మత్తు డాక్టరు కమలాకర్ మూడోసారి అడిగేసరికి జోగారావుకి ఒళ్ళు మండింది.

“పొద్దున్న సూది వేసే ముందు అడిగారు, కాదన్నాను. ఇందాక నర్సు చేత అడిగించారు, కాదన్నాను. ఆపరేషన్‌కి కులం ఎందుకండీ? ఇదేమన్నా కాలేజీ సీటా?”

“కోపం చెయ్యకండి సార్. లోపల పాప ఊపిరి తీసుకుంటలేదు.”

పక్కనే బల్లమీద ఉన్న జోగారావు భార్య రత్నమాల ఆపరేషన్ గది తలుపు వైపు తిరిగింది. అమీర్‌పేట సందులో చిన్న నర్సింగ్‌హోమ్ అది. హైందవి వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. ఇరవై రెండేళ్ళది, మొన్ననే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. తెల్లారగట్ల కడుపునొప్పి అంటే తీసుకొచ్చారు. అపెండిక్స్, గంటలో అయిపోతుందన్నారు. పదింటికి లోపలికి తీసుకెళ్ళిన పిల్ల, పన్నెండున్నరయినా బయటికి రాలేదు.

“ఆపరేషన్ మంచిగనే అయింది. మత్తు గాలి ఎప్పుడో బంద్ చేసినం,” అన్నాడు కమలాకర్. “గొంతులకు గొట్టం వేసే ముందు ఒళ్ళు వదులయ్యే సూది ఒకటిస్తం, దానికి తెలివి పోదు, ఒళ్ళే కదలదు. అయిదారు నిమిషాల్లో దాని పని అయిపోవాలె. పాపకు కాలేదు. వేలు కూడా కదుపుతలేదు. ఆ మందును విరగ్గొట్టే గుణం కొందరి రక్తంలో పుట్టుకతోనే ఉండదు. వైశ్యుల ఇండ్లల్ల, మేనరికాలున్న కాడ, ఎక్కువ చూస్తం. అదే అయితే ఫికర్ లేదు. నాలుగైదు గంటలు చేత్తో గాలి కొట్టుకుంట కూర్చుంటే దానంతటదే దిగుతది.”

“కాకపోతే?”

“తలలో ఏదో అయినట్టు. ఇప్పటికిప్పుడు పెద్దాసుపత్రికి పంపాలె. పంజాగుట్ట అంతా ఫ్లైఓవర్ కోసం తవ్వి పెట్టిండ్రు. ఆ గుంతల్ల గొట్టం జరిగిందంటే ఇక నా చేతుల ఏమీ ఉండదు. అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతున్న. మీ ఇద్దరి వైపు ఎవరన్నా...”

“ఏడు తరాల్లో లేరండీ. మాది మేనరికమూ కాదు. పంపించేయండి, నేను అంబులెన్స్ మాట్లాడతాను,” అంటూ జోగారావు మెట్ల మీద పరుగు తీశాడు. ఆ కంగారులో ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

రత్నమాల పని అడకత్తెరలో పోకచెక్కయింది. నోరు విప్పితే కాపురం కూలుతుంది, విప్పకపోతే పిల్ల దక్కదు. అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందో ఏమో. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చివరికి లేచింది.

“డాక్టర్ గారూ, ఒక్కసారి పిల్లని చూడనివ్వండి.”

లోపల నర్సు సీతాబాయి రబ్బరు సంచీ నొక్కుతోంది. నొక్కితే పిల్ల ఛాతీ లేస్తుంది, వదిలితే పడిపోతుంది. రెప్పలమీద టేపు, నోట్లో గొట్టం. అన్నం కలిపి తినిపించి, జడలల్లి, జ్వరమొస్తే తెల్లవార్లూ తడిగుడ్డ వేసిన చేతులు రత్నమాలవి. ఇవాళ ఒక్క గుక్కెడు ఊపిరి పోయడం ఆ చేతులకి చేతకాలేదు.

“ఈవిడని కాస్త బయటికి పంపండి,” అంది.

కమలాకర్ సంచీ తన చేతిలోకి తీసుకున్నాడు. “సీతాబాయి, జర బయట నిలబడు.”

“నన్ను జల్ది పిలువుండ్రి సారూ. మీరు సుత పొద్దుగాల నుంచి చాయ్ తాగలె,” అంటూ సీతాబాయి తలుపు మూసి వెళ్ళింది. వినేవాళ్ళెవరూ లేరని చూసుకుని రత్నమాల గొంతు తగ్గించింది.

“వైశ్యుల పిల్లేనండీ.”

“మరి సార్ కాదంటున్నడు కదమ్మా.”

“ఆయనకి తెలీదు. నా పురిటికి ఆయన ఊళ్ళో లేరు, బొంబాయిలో ఉన్నారు. నా బిడ్డ పుడుతూనే పోయింది. పక్క మంచం ఆవిడ ఈ పిల్లని కని కన్నుమూసింది. మేనమామనే చేసుకుందట. ఆ శెట్టిగారు అప్పటికే ముగ్గురు పసివాళ్ళని వెంటేసుకుని ఉన్నాడు. ఈ పిల్లని నా ఒళ్ళో పెట్టి ‘ఆకలికి ఏడుస్తోందమ్మా’ అన్నాడు. పాలిచ్చాను. ఇచ్చాక ఇంక తిరిగి ఇవ్వలేకపోయాను.”

కమలాకర్ సంచీ నొక్కుతూనే ఉన్నాడు.

“పొద్దుగాలనే చెప్తే ఆ సూదే వెయ్యకపోతుంటి,” అన్నాడు మెల్లగా. “ఇక భయం లేదు. ఎక్కడికీ పంపను.”

“ఆయన ఏమన్నా పడతాను. దీనికి మాత్రం తెలియకూడదు బాబూ. కన్నతల్లిని కానని తెలిస్తే నా మొహం చూస్తుందా?”

“నా నోటి నుంచి రాదమ్మా.”

వచ్చిన అంబులెన్స్‌ని వెనక్కి పంపించారు. పిల్లది మందు మెల్లగా దిగే శరీరమని, కదపకపోవడమే మంచిదని డాక్టరు చెబితే జోగారావు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు. కమలాకర్, సీతాబాయి వంతులేసుకుని గాలి కొడుతూ కూర్చున్నారు. ఒంటిగంట దాటింది, మూడు దాటింది. రత్నమాల గోడవైపు తిరిగి, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. మొక్కిన దేవుడికే మళ్ళీ మొక్కింది.

నాలుగున్నరకి పిల్ల చిటికెన వేలు కదిలింది. అయిదున్నరకి తనంతట తాను ఊపిరి తీసింది. గొట్టం తీశారు.

“సోమవారం జాయినింగ్ పెట్టుకుని మమ్మల్ని చంపేశావు కదే,” అని నవ్వుతూ ఏడుస్తూ, జోగారావు చుట్టాలకి ఫోన్లు చేయడానికి బయటికి వెళ్ళాడు.

రత్నమాల తడిదూదితో పిల్ల పెదవులు అద్దింది. “నొప్పిగా ఉందా తల్లీ?”

హైందవి తలుపు మూసుకునేదాకా చూసి, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“అమ్మా, ఆ శెట్టిగారి మాట నాన్నకి మాత్రం ఎప్పుడూ చెప్పకు.”